కీసరగుట్ట దారం, ఏడు ముళ్లు

మా ఇంట్లో బల్బు మాడిపోతే స్టూలెక్కేది మా నాయిన తల్లి, మా అవ్వ. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ స్టూలు కదలకుండా పట్టుకునేది ఇరవై నాలుగేళ్ల నేను, అదీ కళ్లు మూసుకొని. ఆమె పైకెక్కితే నాకు కళ్లు తిరిగేవి. అలాంటి నేను రెండంతస్తుల ఎత్తున గాలిలో చిక్కుకుపోయిన కథ చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు అక్కడ నవ్వనివాళ్లం ఇద్దరమే: నేను, మిలిటరీ సారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మేడ్చల్ రోడ్డు పక్కన జొన్న చేలున్న చోట రేకుల గోదాములు లేస్తున్నాయి. అందులో ఒకదానికి కరెంటు పని మా బావ యాదగిరి చేతిలో ఉంది. బావంటే మా అక్క మొగుడు. నేనేమో ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, రావల్కోల్‌లో బర్రెల వెంట తిరుగుతున్నాను. అక్క పోరు పడలేక బావ నన్ను పనికి పిలిచాడు.

"ఎత్తుల పని రా మల్లిగా. భయముంటే ఇప్పుడే చెప్పు."

"భయమా? చింతచెట్టు చిటారు కొమ్మ మీద నిద్రపోయినోణ్ణి బావా."

నిజం చెప్పాలంటే ఆ చెట్టు కింద పడుకోవడానికి కూడా నాకు భయమే, కాయ రాలుతుందేమోనని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు పెద్దదైతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

గోదాము వాళ్లు సిజర్ లిఫ్టు తెప్పించారు. కింద చక్రాల బండి, మీద కటకటాల తొట్టి, మధ్యలో కత్తెరల్లా విచ్చుకునే ఇనుప కాళ్లు. మీట నొక్కితే తొట్టిలో మనిషి పైకి లేస్తాడు. కాకపోతే శిక్షణ విని, ఒకసారి పైకెళ్లి దిగి చూపించి, కార్డు తెచ్చుకున్నవాడే ఎక్కాలి. కార్డు రాకపోతే నాకు మళ్లీ బర్రెలే. నాకు పూచీ పడ్డ బావకు పదిమందిలో తలవంపులు.

శిక్షణకు ముందు రోజు అవ్వ దగ్గర నిజం కక్కేశాను. ఆమె కీసరగుట్ట నుంచి తెచ్చిన దారం తీసి, పసుపు నీళ్లలో ముంచి ఇచ్చింది. "ఏడు ముళ్లేసి మిషన్‌కు కట్టు బిడ్డా. ముడికోపారి శివయ్యను తలుసుకో. ఒకరి చెయ్యి తగలని తావుల కట్టు, తగిలితే బలం పోతది" అంది.

శిక్షణ ఇచ్చేందుకు యాప్రాల్ నుంచి రిటైర్డ్ మిలిటరీ సారు వచ్చాడు. మీసాలతో సహా సావధాన్‌లో నిలబడే మనిషి. ఆయన బండి చుట్టూ తిప్పుతూ ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. నేను తల ఊపుతున్నాను. చివరికి సారు, బండి వెనక కింద ఉన్న ఎర్ర పిడి దగ్గర ఆగాడు.

"దీన్ని ఊరికెనే ఎవ్వరు ముట్టొద్దు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరి చెయ్యీ తగలని తావు దొరికింది. ఆ సంబరంలో తర్వాతి మాట వినలేదు. పైనున్నవాడు ఆపదలో చిక్కితే, కిందున్నవాడు ఆ పిడి గుంజి తొట్టిని దింపాలి. ఇదీ ఆ తర్వాతి మాట.

అందరూ చాయ్ తాగడానికి పోయినప్పుడు పిడికి దారం చుట్టి, పక్కనున్న గొట్టంతో కలిపి ఏడు ముళ్లు బిగించాను. మీద బంతిపూల దండ కూడా వేశాను. సగం పూజ దేవుడికి నచ్చదు కదా.

"ఎక్కేముందు బండి సుట్టు తిరిగి సూసుకున్నవా?" అన్నాడు సారు.

"సూసుకున్న సార్. మంచిగ బిగిసింది."

తొట్టి లేచింది. మొదట సారు మీసాలు చిన్నవయ్యాయి, తర్వాత సారే చిన్నవాడయ్యాడు. రేకుల దగ్గరికి వచ్చేసరికి తొట్టి కొంచెం ఊగింది. దోమ వాలితే ఊగేంత. నాకు మాత్రం మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా భూమి మొత్తం ఊగింది. ప్రమాదమైతే నొక్కమని సారు చూపించిన తొట్టిలోని ఎర్ర గుండీ గుర్తొచ్చి, ఒళ్లంతా పెట్టి నొక్కాను. మిషన్ టక్కున ఆగిపోయింది. నేను రెండు చేతులతో కటకటాలను కావలించుకున్నాను.

"ఏమైంది రా?" కింద నుంచి బావ.

"ఆపిన బావా. భయమైతాంది."

"చింతచెట్టు మీద నిద్రపోయినవు గదరా."

"గప్పుడు నిద్రల ఉంటి బావా."

సారు ముందుకొచ్చాడు. "గుండీని పక్కకు తిప్పు, పైకొస్తది. తర్వాత దిగే మీట నొక్కు."

"తిప్పాలంటే చెయ్యి ఇడువాలె సార్."

"ఇడువు."

"ఇడుస్తలేదు సార్."

"ఏంది ఇడుస్తలేదు?"

"చెయ్యి సార్. నేను చెప్పిన, ఇంటలేదు."

కిందున్న పనోళ్లంతా, బావతో సహా, పకపకా నవ్వారు. సారు నాతో మాట్లాడటం మానేశాడు. "యాదగిరీ, ఎనక పిడి గుంజు."

బావ వంగాడు. మళ్లీ తలెత్తి సారు వైపు చూశాడు.

"సార్, గీడ పూలదండ ఉంది."

"తీసెయ్."

"తీసిన సార్. దాని కింద దారముంది. పిడి కదుల్తలేదు."

"ఎవడు కట్టిండు?"

"నేనే సార్" అన్నాను పైనుంచి. నా గొంతు నాకే మేకపిల్ల గొంతులా వినిపించింది.

"కొయ్యండి దాన్ని."

"కొయ్యకు బావా, నీ కాల్మొక్త. అది తెగితే నేను పడ్త."

బావ నా వైపు చూశాడు, చేతిలో కత్తి వైపు చూశాడు. "కీసరగుట్ట దారం సార్. కోసినంక వీనికేమన్నయితే నా పెండ్లాం నన్ను ఇంట్లకు రానియ్యది" అని కత్తి జేబులో పెట్టుకొని, ముళ్లు విప్పడానికి కూర్చున్నాడు. తడి దారం, రాయిలా బిగిసింది. ఒక్కో ముడి ఊడినప్పుడల్లా నా గుండెలో ఒక బోల్టు ఊడినట్టే ఉంది. ఆరో ముడికి బావ పళ్లు పెట్టాడు. ఏడో ముడికి మిలిటరీ సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

పిడి గుంజగానే తొట్టి బుస్సుమంటూ మెల్లగా దిగింది. కటకటాల నుంచి నా వేళ్లను ఒక్కొక్కటిగా బావే ఊడదీశాడు. ఏడు ముళ్లు విప్పినవాడికి పది వేళ్లు ఒక లెక్క కాదు.

"సార్, కార్డు?" అన్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా.

"రేపు మల్ల రా. ఎక్కేటందుకు కాదు, ఆ పిడి కాడ నిలబడేటందుకు. దాని ఇలువ నీ కంటె ఎక్వ ఎవనికి తెలుస్తది" అన్నాడు సారు, ప్యాంటు దులుపుకుంటూ.

అట్లా నేను గోదాములో కిందుండే మనిషినయ్యాను. బర్రెలు బతికిపోయాయి. బావ పరువు కూడా కొనఊపిరితో బయటపడింది. నేను మాత్రం భూమి సాక్షిగా, అది నా అరికాళ్ల కిందే ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకొని, ప్రమాణం చేశాను: ఎవరైనా "ముట్టొద్దు" అంటే, ఆ తర్వాతి మాట కూడా వినకుండా ఈ జన్మలో ముడి వెయ్యను.

ఇంటికొచ్చేసరికి బల్బు మాడిపోయి ఉంది. అవ్వ స్టూలెక్కింది. నేను స్టూలు పట్టుకొని, కళ్లు మూసుకొని, కోపమంతా కక్కాను.

"నీ దారంతోనే పైన ఇరుక్కున్న అవ్వా. అసలేం మొక్కినవు నువ్వు?"

పైనుంచి అవ్వ తాపీగా అంది: "పడొద్దని మొక్కిన బిడ్డా. పడ్డవా? దిగాలని గూడ మొక్కుమని నువ్వు చెప్పనే లేదు."