స్టార్ గుర్తు కింద దాక్కున్న పేరు

మా చెల్లెలి కూతురికి ఆఫీసులో "అనుమానం" అని పేరు పెట్టారు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి కాబట్టి నేనూ కాదనలేను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు దాని ఉద్యోగం అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. అర్థమయ్యాక మాత్రం కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నాను.

డయాలసిస్ చేయించుకునే రోగులకు "రేపు మీ వంతు ఇన్నింటికి" అని ఫోనుకు మెసేజ్ పంపే ప్రోగ్రాం వాళ్ళది. అది నడవాలంటే పాస్‌వర్డ్‌లూ, కంప్యూటర్ల చిరునామాలూ, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, బయట నుంచి అందించాలి. ఏవి అందలేదో వెతికి చెప్పే చిన్న టూల్ మా పిల్లే రాసింది. నల్ల తెర మీద ఒక్క ముక్క టైపు చేస్తే చాలు, లేనివాటి పేర్లు వరసగా చూపిస్తుంది. "వీటిని పట్టించుకోకు" అని చెప్పడానికి దానికో చిట్టా కూడా ఉంది.

మొన్నొక రోజు పదకొండింటికి ప్రోగ్రాంని కొత్త మెషీన్ మీదికి మార్చాలి. రెండింటికి రోగులకు మెసేజ్‌లు వెళ్ళాలి. అందులో సగం మందికి వేళలు మారాయి. మెసేజ్ అందకపోతే వంతు తప్పినట్టే. పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర కూర్చుని టూల్ నడిపింది.

"ఒక్క లోపం కూడా లేదంటోంది పెద్దమ్మా. నాకు నచ్చలేదు."

"లేదంటే సంతోషించాలి గానీ, ఏడుస్తారా ఎవరైనా?"

"క్లాసులో అందరికీ నూటికి నూరొస్తే నువ్వు సంతోషించేదానివా?"

నిజమే, మళ్ళీ పరీక్ష పెట్టేదాన్ని.

స్పీకర్లో పెట్టి ఫోన్ చేసి చెబితే వాళ్ళ టీమ్ లీడర్ నవ్వాడు. "అనుమానంగారూ, మీరు రాసినదాన్నే మీరు నమ్మకపోతే ఎలాగండీ?"

"దాన్ని నమ్ముతానండీ. దానికి మనం చెప్పిన మాటల్నే నమ్మను."

చిట్టా మొత్తం పక్కనపెట్టి మళ్ళీ నడిపింది. నూట పన్నెండు పేర్లు. ఒక్కోటీ చూస్తూ అక్కర్లేనివి కొట్టేస్తూ పోయింది. తొంభై దాటాక చెయ్యి ఆగింది. మెసేజ్‌లు పంపే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్, కొత్త మెషీన్‌కి ఎవరూ ఇవ్వలేదు.

"చిట్టాలో 'ఎస్సెమ్మెస్' అని రాసి పక్కన స్టార్ పెట్టారు. ఆ మాటతో మొదలయ్యేవన్నీ వదిలెయ్యమని."

"ఎవరా మహానుభావుడు?"

ఏ వరస ఎవరు రాశారో కూడా దొరుకుతుందట. అదీ తీసి చూసింది.

"నేనే. మెసేజ్‌లు పంపే పాత కంపెనీని మానేసినప్పుడు దాని నాలుగు పేర్లూ విడిగా రాయడానికి బద్ధకించాను. కొత్త కంపెనీ పేర్లూ ఆ స్టార్ కిందికే వచ్చాయి."

పదకొండింటికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. పాస్‌వర్డ్ పెట్టించి, కొత్త మెషీన్ నుంచి తన ఫోనుకే ఓ మెసేజ్ పంపుకుంది. ఇద్దరం కళ్ళప్పగించి చూస్తుండగా ఫోను బల్ల మీద వణికింది. ఆ తర్వాత మా పిల్ల స్టార్ తీసేసి, ఆ నాలుగు పేర్లూ విడివిడిగా రాసి, ఎందుకు వదిలేశామో ఒక్కోదాని పక్కన ఒక్కో వాక్యం పెట్టింది.

రెండు దాటాక లీడర్ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. అప్పటికి అది అన్నం తిని సోఫాలో అడ్డంగా పడి నిద్రపోతోంది.

"మెసేజ్‌లు అందరికీ అందాయని చెప్పండమ్మా," అన్నాడు.

లేపబుద్ధి కాలేదు. ఫ్యాను ఒక నంబరు పెంచి వచ్చాను.