కూత ముందా, ఆవిరి ముందా

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ గడియారాలన్నీ రైల్వే వర్క్‌షాపు కూతను బట్టే నడిచేవి. కూత వినిపించగానే మా నాన్న ముల్లు సరిచేసేవాడు. ఊరంతటికీ అదే టైము, ఇక తిరుగులేదు.

పక్కింటి అక్క కాలేజీలో ఫిజిక్సు చదివేది. అసలు ‘ఇప్పుడు’ అనేది అన్ని చోట్లా ఒకటేనా అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. అది మా వాళ్ళకి తెలుగులో చెప్పాలని ఆశపడి, హాలు ఇమ్మని మా సంఘం పెద్దను అడిగింది. ఆయన నవ్వాడు. మా వీధి ఆడవాళ్ళకి వంట చాలునట, వర్క్‌షాపులో సుత్తి పట్టే మగవాళ్ళకి ఆకాశం గొడవ ఎందుకట. పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మను అన్నాడు, మా నాన్నను అన్నాడు. పెద్దమనిషట, పెద్దమనిషి! తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అక్క ఊరుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం కూతకు ముందే మా వీధి ఆడవాళ్ళనీ, రాత్రి డ్యూటీ దిగి ఇంట్లో ఉన్న మగవాళ్ళనీ దూరంగా మైదానంలోకి తీసుకెళ్ళి, వర్క్‌షాపు కూత గొట్టం వైపు చూడమంది. తెల్లటి ఆవిరి గుప్పున లేచింది. చప్పుడు లేదు. అందరూ ముఖముఖాలు చూసుకున్నాక గానీ కూత వినిపించలేదు. అంటే దూరపు ఇళ్ళ గడియారాలు ఇన్నాళ్ళూ కాస్త వెనకే నడిచాయన్నమాట.

వెలుగూ అంతేనంది అక్క. మనం చూసే సూర్యుడు ఎనిమిది నిమిషాల కిందటివాడట. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేసినా, పరుగెత్తేవాడి ‘ఇప్పుడు’, నిలబడ్డవాడి ‘ఇప్పుడు’ ఒకటి కావట.

నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ అప్పుడు అడిగింది. “అయితే ఆ సుక్కల కాడ ఇప్పుడేటవుతోందో ఎవలికీ తెల్దేటమ్మా?”

“తెల్దు పిన్నీ. కాలమంటే ఏటో పెద్ద పెద్దోలే ఇంకా తేల్సలేదు. నువ్వడిగిందే ఆల్లూ అడుగుతున్నారు.”

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని కూడా ఇంకేదో అడుగుతూనే ఉంది. అలాంటి మనిషికి వంట చాలునన్నాడు!

మొన్న ఖరగ్‌పూర్‌లోనే మలంచా పేట స్కూల్లో మా మనవరాలిని టీచరు, సిలబస్‌లో లేనివి అడగొద్దని కూర్చోబెట్టిందట. ఆ పూటే స్కూలుకి వెళ్ళాను. జవాబు తెలియకపోతే తెలియదనండి, పిల్ల నోరు మూయించడానికి మీరెవరని నిలదీశాను. ఈ వయసులో శాంతంగా ఉండమంటారు ఇంట్లోవాళ్ళు. ఉండను. ఆ పెద్దమనిషి మాటే చెల్లి ఉంటే, మా అమ్మ ఆ ప్రశ్న అడగకుండానే పోయేది.