ఆవకాయ జాడీలో పడిన ఏడాది

ఈమధ్య నేను చేసిన ఘనకార్యం వింటే మీరెవ్వరూ ఇక నన్ను మీ వంటింటి ఛాయలకి రానివ్వరు. అయినా చెప్తాను. చెప్పకపోతే తిన్నది అరిగేలా లేదు.

పోయిన ఏడాది కాలువకి నీళ్ళు వదిలిన రోజు నుంచి నేను రోజుకో ఫొటో తీసి స్టేటస్‌లో పెడుతున్నాను కదా. మా పాలకొల్లు ఏడాది పొడుగునా ఎలా ఉంటుందో చూపిద్దామని సరదా. ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. పొద్దున్నే స్కూలుకి తయారయ్యే ముందు మా గేటు దగ్గర నిలబడి, కాలవగట్టు వైపు ఒక ఫొటో. వానల్లో గొడుగులు, కార్తీకంలో నీళ్ళ మీద అరటిదొప్పల్లో దీపాలు, ధనుర్మాసంలో మంచులో సగమే కనబడే పాల సైకిలు, ఎండల్లో కాలువ కట్టేశాక అడుగు బురదలో కొంగలు. "టీచరుగారూ, ఇవాళ ఇంకా స్టేటస్ పెట్టలేదేంటండి?" అని పిల్లల తల్లులు అడిగేదాకా వచ్చింది. నాకూ కాస్త తలకెక్కిందనుకోండి.

మా పక్కిల్లు రత్నం పిన్నిగారిది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. వాళ్ళాయన సత్యం బాబాయిగారు రోజూ పొద్దున్న గేటు ముందు కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. మాఘమాసంలో నిద్రలోనే పోయారు. ఆ రోజు నేను ఫొటో తీయలేదు. మొన్నమొన్నటిదాకా ఖాళీ ఆ ఒక్క రోజే.

కర్మలన్నీ అయ్యాక పిన్నిగారు ఒక మాట అడిగారు. "సుజాతా, ఇంట్లో ఆయన ఫొటోలంటే పెళ్ళినాటిదొకటి, ఆధార్ కార్డులోదొకటి. పెళ్ళిఫొటోలో నేనెరిగిన మనిషిలా లేరు, కార్డులో అసలు మనిషిలానే లేరు. నువ్వు రోజూ వీధిలో తీస్తావు కదా, నీ ఫోన్లో ఉంటారు. ఒకటి కడిగించి ఇవ్వమ్మా, గోడకి పెట్టుకుంటాను."

"అదెంత పని పిన్నిగారూ!" అన్నాను. అని, మూడు నెలలు ఊరుకున్నాను. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను. ఆవిడ రెండోసారి అడగలేదు.

ఇక అసలు సంగతి. పిన్నిగారు ఆవకాయ పెట్టారు. మూడో రోజు తిరగకలుపుతున్నారని తెలిసి ఫోను పట్టుకుని పరిగెత్తాను. వేసవి ఫొటోల్లో ఆవకాయ లేకపోతే అదేం వేసవి! "తడిచెయ్యి పెట్టకు, మీద పడకు" అంటూనే ఆవిడ ఒక ముక్క నా చేతిలో పెట్టి, "ఉప్పు సరిపోయిందేమో చూడు" అన్నారు. సరిపోయింది. అమోఘంగా ఉంది. ఆ నూనె వేళ్ళతోనే ఫోను జాడీ మూతి మీదికి చాపాను. పైకి తేలిన పప్పునూనె ఎర్రగా మెరుస్తోంది, దానిమీద కిటికీ వెలుగు పడుతోంది. కొంచెం కిందకి... ఇంకొంచెం...

జారింది!

నిలువునా దిగింది. గరిట గుచ్చినట్టు కాసేపు నిలబడి, తర్వాత నెమ్మదిగా మునిగిపోయింది. "అయ్యో, ఆవకాయ!" అని అరిచాను. బస్సుల్లో, బజార్లో తిరిగిన ఫోను, అందులోనూ నా ఎంగిలిచేతి ఫోను, ఏడాదికి పెట్టుకున్న ఆవకాయలో! పిన్నిగారసలే మడీ ఆచారం ఉన్న మనిషి. నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడి తలొంచుకుని నిలబడ్డాను.

ఆవిడ తిట్టలేదు. మోచేతి దాకా చెయ్యి జాడీలోకి దింపేశారు. ముక్కలు నేలమీద పడుతున్నా ఆగకుండా అడుగుదాకా దేవుతున్నారు.

"పిన్నిగారూ, చెయ్యి మండిపోతుంది! గరిటతో తీద్దాం, ఆవకాయంతా..."

"ఆవకాయ పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. దాంట్లో మీ బాబాయిగారున్నారే!"

అప్పటికిగానీ నా బుర్రకెక్కలేదు. ఆవిడ మర్చిపోలేదు, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆగారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చెయ్యి చల్లటి మజ్జిగలో పెట్టించి, ఫోను పాతచీర ముక్కలో చుట్టుకుని రిపేరు షాపుకి పరిగెత్తాను.

షాపాయన విప్పి, వాసన చూశాడు. "ఏంటండి ఇది?"

"ఆవకాయండి."

"కొత్తదాండి?"

"మూడో రోజండి."

"ఆవ మంచి ఘాటుగా ఉందండి" అని, ఛార్జింగ్ పెట్టే కన్నంలోంచి మెంతిగింజ ఒకటి పిన్నుతో తీసి బల్లమీద పెట్టాడు. "ఫొటోలు బ్యాకప్ ఉన్నాయాండి?"

లేవు. స్పేస్ నిండిపోయిందని రోజూ వచ్చే మెసేజిని రోజూ పక్కకి తోసేశాను మరి. "అయితే చెప్పలేనండి. ఎల్లుండి రండి" అన్నాడు.

ఆ రెండు రోజులూ పిన్నిగారు ఎర్రగా కమిలిన చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ గోడమీంచి పూటపూటా అడిగేవారు, "వచ్చిందా అమ్మా?" అని. ఆవకాయ అంతా పారబోశాం. కాయలు నేనే తెచ్చి మళ్ళీ పెట్టించాను. ఈసారి నన్ను గుమ్మం అవతలే కూర్చోబెట్టారు, అది వేరే సంగతి.

ఫోను బతికింది! స్క్రీన్ మార్చాల్సి వచ్చింది కానీ, ఫొటోలన్నీ ఉన్నాయి. తిన్నగా పిన్నిగారింటికే వెళ్ళి పక్కన కూర్చుని మొదటి నుంచీ చూపించాను.

నిండు కాలువ, పక్కన బాబాయిగారి మోచెయ్యి. శ్రావణంలో వాన, కింద ఆయన చెప్పులు. కార్తీక దీపాలు, అంచున సగం పేపరు. మంచులో కుర్చీ కాలు. పిన్నిగారు ఒక్కోదాని మీదా వేలు పెట్టి, "ఇదిగో, ఇది ఆయన మోకాలే" అంటున్నారు, అదే పదివేలన్నట్టు. రోజూ పొద్దున్న ఆయనతో నేననేదేంటో నాకప్పుడు గుర్తొచ్చింది. "బాబాయిగారూ, కొంచెం పక్కకి జరుగుతారా? ఫొటోలో అడ్డం వస్తున్నారు." ఆయన పాపం కుర్చీతో సహా జరిగేవారు. "చాలా అమ్మా? ఇంకా జరగనా?" అని కూడా అడిగేవారు.

ఇక దాచి లాభం లేదని, స్టేటస్‌లో పెట్టని ఫొటోలు తెరిచాను. చెడిపోయాయని వదిలేసినవి, బద్ధకం కొద్దీ డిలీట్ చెయ్యనివి. వాటినిండా ఆయనే! జరగకముందే నేను తొందరపడి నొక్కినవన్నమాట. పేపరు దించి చూస్తున్నారు, తుమ్మబోతున్నారు, ఎవరినో పిలుస్తున్నారు. పిన్నిగారు నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. చివరికి ఒకటి ఏరారు. నోట్లో బ్రష్షు, గడ్డం మీద నురగ, ఒక చేత్తో కుర్చీ ఎత్తుకుని పక్కకి జరగబోతూ నా వైపు చూసి నవ్వుతున్నారు.

"ఇదేంటి పిన్నిగారూ, దండ వేసే ఫొటోలో బ్రష్షేంటి?"

"ఉండనీవే. నలభయ్యేళ్ళు పొద్దున్నే నేను చూసిన మొహం ఇదే."

నిన్న ఫ్రేము కట్టించి ఇచ్చాను. బంతిపూల దండ వేసి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు, "మా సుజాత తీసింది, ఎంత బాగా తీస్తుందో" అని. ఏడాదంతా ఎండకీ వానకీ నిలబడి తీసినవాటిలో గోడెక్కింది అదొక్కటేనండి. అదీ, పనికిరాదని నేను పక్కన పడేసింది!