నీళ్లు తీసిన లక్ష్మివారం

బసవయ్యగారి పడవ ఒకప్పుడు సింగపూర్ నదిలో ఓడల దగ్గర్నుంచి గోదాములకి బియ్యం బస్తాలు మోసిన పడవ. నదిని శుభ్రం చేసి అలాంటి పడవలన్నిటినీ పంపించేశాక అది ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఉత్తరపు ఒడ్డున ఒక వాగు మొగలో, చిన్న బోటు క్లబ్బు వెనక పడి ఉండగా ఆయన కంట పడింది. అప్పటికి ఆయన ఓడల మరమ్మతు యార్డులో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పడవని చూసిన రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదట.

ఆయన పుట్టింది నరసాపురం కాలువ మీద. మాటవరసకి కాదు, నిజంగానే కాలువ మీద. తల్లికి నొప్పులొచ్చేసరికి వాళ్ల నాన్న గూటిపడవ లాకుల దగ్గర ఆగి ఉంది. అటువంటి మనిషికి ముసలితనంలో మళ్లీ చెక్కపడవ దొరికితే ఏమవుతుంది? బుకిట్ పంజాంగ్‌లో ఉన్న ఫ్లాటు అమ్మేశారు. పడవకి గూడు కట్టారు. ముందొక గది, వెనక వంటకీ పడకకీ ఒక గది, గాసు పొయ్యి, వాననీళ్లు పట్టుకోవడానికి రెండు డ్రమ్ములు. పలకలన్నీ ఆయన చేత్తోనే బిగించారు.

భార్య చాముండేశ్వరమ్మ వద్దనలేదు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ ఫ్లాటులో ఉన్నప్పుడు అంతస్తంతా ఆవిడ చుట్టాలే అన్నట్టుండేది. తమిళులావిడ కరివేపాకు ఇచ్చేది, మలయ్ ఆవిడ పండక్కి కేకు పంపేది. వాళ్లందరూ ఒక్కొక్కరే పిల్లల దగ్గరికో, పైలోకానికో వెళ్లిపోయారు. తలుపు తెరిచి కూర్చున్నా పలకరించేవాళ్లు లేకుండా పోయాక, ఎక్కడైతేనేం అనుకుందావిడ.

కానీ ఎక్కడైనా ఒకటి కాదని పడవలోకొచ్చాక తెలిసింది. పడవ ఒడ్డుకి ముప్ఫై గజాల దూరంలో లంగరు వేసి ఉంటుంది. ఒడ్డుకి వెళ్లాలంటే చిన్న తెడ్ల పడవ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పడవ నిచ్చెన దిగడానికి పావుగంట పడుతుంది. అందుకని శనివారం పెరుమాళ్ కోవెలకి తప్ప ఎక్కడికీ వెళ్లేది కాదు. ఎండాకాలం బాగానే గడిచింది. కార్తీకంలో వానలు మొదలయ్యాయి. ఈ దేశంలో చలికాలమంటే వానే. ఆరేసిన చీర మూడు రోజులకీ ఆరదు. అగ్గిపుల్ల వెలగదు. క్లబ్బులో పడవలున్న తెల్లవాళ్లు క్రిస్మస్‌కి వాళ్ల దేశాలు వెళ్లిపోతారు. పక్క పడవ ముసలాయన వెళ్లేముందు మిగిలిన పాలడబ్బాలు తెచ్చి ఇచ్చి, రెండు చేతులూ జోడించి వెళ్లాడు. ఆ తరవాత రెండు నెలలు పగలంతా గూటి మీద వాన చప్పుడూ, అడుగున నీళ్ల చప్పుడూ. బసవయ్యగారికి ఆ రెండూ ప్రాణం. ఆవిడ మాత్రం దేవుడి పటం ముందు కూర్చుని పైకే మాట్లాడుకునేది. మాట అన్నది మరిచిపోకూడదు కదా అని.

ఆవిడకి మార్గశిర లక్ష్మివారాల నోముంది. మార్గశిరంలో వచ్చే గురువారాలన్నీ, నాలుగే వస్తే పుష్యంలో మొదటిది కూడా కలుపుకుని, తల దువ్వుకోకుండా, నూనె రాసుకోకుండా అమ్మవారిని కొలవాలి. మొదటి వారం పులగం, రెండో వారం అట్లూ తిమ్మనం, అలా వారానికొక నైవేద్యం. ఆఖరి వారం పూర్ణం బూరెలు చేసి, ఐదుగురు ముత్తైదువుల్ని ఇంటికి పిలిచి, కాళ్లకి పసుపు రాసి, భోజనం పెట్టి వాయనమివ్వాలి. ఆ ఐదుగురూ వస్తేనే ఆ ఏటికి నోము తీరినట్టు.

పడవలోకి వచ్చిన మొదటి ఏడు ఒక్కరూ రాలేదు. కోవెల దగ్గర వస్తామన్నవాళ్లు వానకి ఆగిపోయారు. ఆవిడ ఆ బూరెలు క్లబ్బు వాచ్‌మన్‌కి ఇచ్చేసి, మర్నాడు భర్తతో ఒకే ఒక్కసారి అంది.

“వచ్చే ఏడు కూడా ఇంతే అయితే నేనీ పడవలో ఉండనండీ. ఒడ్డున నాకో గది చూడండి. మీరు ఇక్కడే ఉండి, పూటపూటా వచ్చి అన్నం తిని వెళ్దురుగాని.”

ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోయినా ఏడాది పొడుగునా ఆ మాట ఇద్దరి మధ్యా ఉంటూనే ఉంది.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లలో తేదీలు తిరగబడతాయని భయపడి కంపెనీలు పిలిపించుకున్న మన పిల్లలు, ఆ భయం తీరాక కూడా ఇక్కడే ఉండిపోయారు. శనివారం కోవెల్లో ఎక్కడ చూసినా తెలుగు వినపడేది. అక్కడే ఆవిడకి అక్షర దొరికింది. భీమవరం వైపు పిల్ల, కొత్తగా పెళ్లయింది. బిషాన్‌లో కాపురం, పాయా లేబర్‌లో ఉద్యోగం. ప్రదక్షిణలో ఆవిడ మోకాలు పట్టేస్తే వచ్చి చెయ్యందించింది. ఆ చెయ్యి పట్టుకునే ఆవిడ నోము సంగతి చెప్పింది.

“థర్స్‌డే అంటే కష్టం ఆంటీ. ఆఫీసులో రిలీజ్ ఉంది, పని ఎక్కువ. సాటర్‌డే పెట్టుకోకూడదా?” అంది అక్షర.

“లక్ష్మివారం నోము శనివారం ఎలా చేస్తాను తల్లీ?”

“అచ్చం మా అమ్మలాగే అంటున్నారు. సరే, ఆఫీసయ్యాక వస్తే ఓకేనా? నా ఫ్రెండ్స్‌ని కూడా పట్టుకొస్తాను.”

దీపాల వేళకి వచ్చినా చాలంది ఆవిడ. ఎన్నింటికి రమ్మనాలో బసవయ్యగారే నిర్ణయించారు. నాలుగో లక్ష్మివారం సాయంత్రం ఆరింటికి స్వయంగా తెడ్ల పడవ వేసుకుని ఒడ్డుకీ పడవకీ మధ్య రెండుసార్లు తిరిగి చూశారు. నీళ్లు రేవు పైమెట్టు దాకా ఉన్నాయి. ముసలివాళ్లయినా సులువుగా ఎక్కొచ్చు. ఆ రాత్రే అక్షరకి ఫోను చేసి, వచ్చే వారం ఆరింటికి రమ్మని చెప్పారు.

ఆఖరి వారానికి రెండు రోజుల ముందు ఐదుగురిలో ఒకమ్మాయిని ఆఫీసువాళ్లు వేరే ఊరు పంపించారు. ఆ సాయంత్రం ఇంకో గొంతు ఫోన్లో పలికింది. అక్షర పక్క సీటమ్మాయి, షకీలా.

“ఆంటీ, మాది హైదరాబాద్. ఐదో మనిషి దొరకలేదని అక్షర పరేషాన్ అయితుంది. మీకేం అభ్యంతరం లేకుంటే నేను రావచ్చా?”

“మీ ఆయన బాగున్నారా అమ్మా?” అని అడిగింది చాముండేశ్వరమ్మ.

“బాగున్నడు ఆంటీ. లియాఖత్ ఆయన పేరు. రోజూ లేటొస్తడు, అదొక్కటే బాధ.”

“అయితే నువ్వు ముత్తైదువవే. రా తల్లీ.”

లక్ష్మివారం వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం నుంచే పొయ్యి దగ్గర కూర్చుంది. ముందు గది కడిగి ముగ్గేసి, లిటిల్ ఇండియా నుంచి తెప్పించిన ఐదు అరిటాకులు తుడిచి పెట్టుకుంది. ఐదు పళ్లేల్లో ఐదేసి బూరెలు, నానిన శనగలు, తమలపాకులు, రవికల గుడ్డలు సర్దింది. బయట సన్నగా వాన. నాలుగున్నర దాటాక, బాణలిలో నూనె ఊగడం మానేసింది.

పడవలో వండేవాళ్లకే తెలుస్తుంది ఆ తేడా. పొయ్యి మీద నూనె ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఇప్పుడు అద్దంలా నిలబడింది. పడవ అడుగు బురదలో కూర్చుంది.

బసవయ్యగారు బయటికెళ్లి చూసి లోపలికొచ్చారు. మళ్లీ బయటికెళ్లారు. అమావాస్య వెళ్లి మూడో రోజు. పోటు ఎంత ఎత్తుకి వస్తుందో పాటు అంత లోతుకి తీసేసే రోజులు. ఒడ్డు దాకా ముప్ఫై గజాల బురద. మళ్లీ తెడ్ల పడవ తేలేది ఎనిమిదిన్నరకి. పోటుపాట్ల పట్టీ రోజూ పొద్దున్నే గోడ మీద రాసుకునే మనిషి, వారం ముందు కళ్లతో చూసిన నీళ్లని నమ్మేశారు. ఎంతైనా కాలువలో పుట్టిన మనిషి. కాలువలో నీళ్లని లాకులు పట్టి ఉంచుతాయి, ఏ వారం చూసినా అంతే ఉంటాయి.

అక్షరకి ఫోను చేస్తే అప్పటికే టాక్సీ ఎక్కేశామంది. ఇక భార్యకి చెప్పక తప్పలేదు.

“ఆరు గంటలన్నది మీరే కదా,” అంది ఆవిడ.

“పోయిన లక్ష్మివారం మెట్ల దాకా ఉన్నాయి నీళ్లు.”

“వారం వారం మారవా?”

“మారతాయి,” అన్నారాయన.

ఆవిడ ఆఖరి వాయ బూరెలు తీసి పొయ్యి ఆర్పింది. ఆయన పనిముట్ల పెట్టె తెచ్చి ముందు గది నేల పలకలు ఊడదీయడం మొదలుపెట్టారు. ముగ్గేసిన పలకలే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వాళ్ల నాన్న ఇలాగే బురద మీద పలకలు పరిచి మనుషుల్ని దాటించేవాడట. ఒక్కో పలకా దింపి, దాని మీద నడిచి, ముందు ఇంకోటి పరిచి, ఆరయ్యేసరికి ఒడ్డు దాకా దారి వేశారు. అరవై నాలుగేళ్ల మనిషికి మోకాళ్ల దాకా బురద. వెనక్కి తిరిగి చూస్తే ముందు గదికి నేల లేదు.

రెండు టాక్సీల్లో ఐదుగురూ వచ్చారు. ఒక్కరు కూడా మానలేదు. మలయ్ వాచ్‌మన్ తన గదిలో ఉన్న గొడుగులన్నీ తెచ్చి వాళ్లకిచ్చాడు. అక్షర చెప్పులు విప్పి మొదటి పలక మీద కాలు పెట్టింది. పలక జారి బురద చీలమండ దాకా వచ్చింది. వాళ్లలో ఒకమ్మాయి నిండు నెలల మనిషి. దాటినా పడవకి ఎనిమిది అడుగుల నిచ్చెనుంది. బసవయ్యగారు చెయ్యడ్డం పెట్టి, వద్దమ్మా, మీరక్కడే ఉండండి అన్నారు. ఎనిమిదిన్నర దాకా ఆగమని ఎలా అడుగుతారు? ఇద్దరికి పసిపిల్లలున్నారు, టాక్సీలు ఆగి ఉన్నాయి.

అందుకని ఇలా జరిగింది. చాముండేశ్వరమ్మ పడవ అంచున కమ్మీ పట్టుకుని నిలబడింది. ముత్తైదువులు రేవు మీద గొడుగుల కింద వరసగా నిలబడ్డారు. అన్నీ ఒక్కసారే పట్టుకెళ్లండి అని ఆవిడంటే, ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వాలి కదా అని ఆయన ఒక్కో పళ్లేన్నీ వాన పడకుండా ప్లాస్టిక్ కప్పి, నెత్తిన పెట్టుకుని, ఐదుసార్లు ఆ పలకల మీద నడిచారు. ఆయన ఒడ్డు చేరేదాకా ఆగి ఆవిడ గొంతెత్తేది.

“ఇస్తినమ్మ వాయనం.”

“పుచ్చుకుంటినమ్మ వాయనం,” అని అవతలి నుంచి సన్నగా వచ్చేది.

మనిషికి మూడేసిసార్లు. ఆఖరున షకీలా వంతు. ముందు నలుగురూ అన్నది విని నేర్చుకుని, అందరికంటే గట్టిగా అంది. వాచ్‌మన్ కూడా తల తిప్పి చూశాడు. ఆ తరవాత సంచిలోంచి ఒక డబ్బా తీసి బసవయ్యగారి చేతిలో పెట్టింది. ముందురోజే రంజాన్ పండగ. పాలూ ఖర్జూరాలతో చేసిన షీర్ ఖుర్మా అది.

“ఆంటీకి ఇయ్యండి అంకుల్. ఉపవాసమున్నరంట కదా, తియ్యటిదే. నెయ్యి, పాలు, ఖర్జూరాలు తప్ప ఏం లేదని చెప్పండి.”

పావుగంటలో టాక్సీలు వెళ్లిపోయాయి. అక్షర చివరిదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. చాముండేశ్వరమ్మ కూడా ఊపింది. రెండో చేతిలో కలిపిన పసుపు గిన్నె అలాగే ఉంది. ఒక్కరి పాదాలకీ రాయలేకపోయింది.

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆవిడ దీపం పెట్టి, వెనక గదిలో రెండాకులు వేసింది. మూడు ఆకులు చుట్టి పక్కన పెట్టింది. ఏడుగురికి వండిన అన్నం, పులుసు, బూరెలు. ముందు గదిలో నేల లేక, దూలాల మధ్య నుంచి పడవ అడుగు నల్లగా కనపడుతోంది. ఆవిడ ముందుగా డబ్బాలోది రెండు గరిటెలు అమ్మవారి ముందు పెట్టి, తరవాత తన ఆకులో వడ్డించుకుంది.

“నోము తీరిందండీ,” అంది. “ఐదుగురూ పుచ్చుకున్నారు. నేనన్న మాట మీదే ఉంటాను. ఈ పడవలోనే ఉంటాను.”

ఆయన అన్నం కలుపుతూ అన్నారు. “నువ్వు ఉంటావు చాముండీ. నాకే ఉండబుద్ధి కావట్లేదు.”

ఆవిడ తలెత్తి చూసింది.

“పళ్లెం పట్టుకుని వాళ్ల పక్కన నిలబడితే, అక్కణ్ణుంచి కనపడ్డావు నాకు. నేనెప్పుడూ ఒడ్డున నిలబడి నిన్ను చూడలేదు. చిన్న మనిషివి, కమ్మీ పట్టుకుని అరుస్తున్నావు. నీ మాట సగం గాలికే పోతోంది. ఏడాదిన్నర నుంచీ నేను నిన్నెక్కడ ఉంచానో ఇవాళ తెలిసింది.”

ఆవిడ ఆయన ఆకులో ఇంకో బూరె వేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. “ఒడ్డునంటే ఎక్కడ?” అని అడిగింది.

“బిషాన్‌లో చూస్తాను, అక్షర వాళ్ల దగ్గర్లో. ఒక్క గదయినా చాలు కదా.”

“చాలు. కింది అంతస్తు చూడండి, మోకాళ్లు.”

అడుగున ఎక్కడో నీళ్లు తాకిన చప్పుడైంది. తరవాత పడవ ఒక పక్కకి కొంచెం కదిలింది. బయట బురద మీద పరిచిన పలకలు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. బసవయ్యగారు విన్నారు కానీ లేవలేదు. ఎన్నడూ ఏ వస్తువునీ కట్టకుండా వదలని మనిషి ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నారు.

“పలకలు కొట్టుకుపోతున్నాయండీ,” అంది ఆవిడ.

“పోనీ.”

“పోనీ ఏమిటి? కొనుక్కునేవాడికి నేల ఉండొద్దూ? లేవండి, నేను దీపం చూపిస్తాను.”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆవిడ లాంతరు పట్టుకుని, మోకాలు పట్టుకుంటూ ఆయన వెనకే పడవ అంచుకి నడిచింది.