అండమాన్‌కు పెట్టిన పరస్థానం

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు వంటగదిలో నిలబడి, కుక్కరు మూడు కూతలు కూసేలోపల, ఫోను మీద వేలు ఆడిస్తూ మా ఇంటిల్లిపాదికీ అండమాన్ దీవులకు విమానం టికెట్లు తీసేసింది. హోటలు గదులు, పడవ షికారు, తిరుగు ప్రయాణం కూడా ఆ మూడు కూతల్లోనే అయిపోయాయి. "అత్తమ్మా, మీ చీరలు నాలుగు ఇప్పుడే ఇచ్చెయ్యండి, ముందే సర్దేస్తా" అని నవ్వుతూ చెయ్యి చాచింది పిచ్చిపిల్ల. ప్రయాణానికి ముందే బట్టలు ఇంకొకరి చేతికి ఇవ్వడమనే మాట వింటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకో ఆమెకు చెప్పలేదు, చెప్పినా ముసలమ్మ చాదస్తం అంటుంది. నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. వరంగల్ కాశిబుగ్గలో ఉండేవాళ్ళం. నేను తొమ్మిదో తరగతి, తమ్ముడు ఒకటో తరగతి. తాతలనాటి నుంచీ మగ్గం తప్ప మరొకటి ఎరగని మా ఇంట్లో చదువుకుని కొలువు చేసిన మొదటి మనిషి మా బాపు. హనుమకొండలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నాలుగేళ్ళకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా తిరిగి రమ్మని సర్కారే దారిఖర్చులిచ్చే ఎల్.టి.సి. ఉండేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందరూ కాశీకో రామేశ్వరానికో పోతే, అంతకు రెండేళ్ళ ముందు బాపు తోటి గుమాస్తా ఒకాయన అండమాన్ పోయివచ్చి, మా వాకిట్లో కూర్చుని చాయ తాగుతూ, అక్కడి సముద్రంలో నడుములోతున నిలబడినా అడుగునున్న ఇసుక కనిపిస్తుందనీ, చేపలు కాళ్ళ సందున తిరుగుతాయనీ చెప్పాడు. బియ్యం చెరుగుతున్న అమ్మ చాట ఆపేసి వింది. జత గాజులు కావాలని కూడా ఏనాడూ నోరు తెరిచి అడగని మనిషి, "అసొంటి నీళ్ళల్ల ఒక్కపారి నిలబడాలె" అన్నది.

ఆ మాట అన్న ఏడాదికే అమ్మ రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేయించారు, ఆరు నెలలకు మళ్ళీ వచ్చింది. ఇక కోసి లాభం లేదు, ఆమెకు ఏది ఇష్టమో అది చేయండని డాక్టరు బాపుతో అన్నాడట. ఆ సంగతి బాపు నాయనమ్మకు చెబుతుండగా తలుపు చాటున నిలబడి నేను విన్నాను. అమ్మకు మాత్రం తెలియనియ్యొద్దని తల్లీ కొడుకులిద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. అమ్మకు ఇష్టమైనదేదో బాపుకు తెలుసు. కాలు కింద మోపగలిగే శక్తి ఉండగానే ఆమెను ఆ నీళ్ళల్లో నిలబెట్టాలి. మా ఇంట్లో ఆ యాత్ర ఏర్పాట్లన్నీ ఆ తొందర మీదనే జరిగాయి.

బాపు మద్రాసులోని ఓడల కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. నా భూగోళం అట్లాసులో సముద్రం మధ్య చీమల బారులా ఉన్న ఆ దీవులను ఎర్ర పెన్సిలుతో చుట్టి, తమ్ముడికి రోజూ చూపించేవాడు. నాయనమ్మ మాత్రం గునిసింది. "మూడు నాలుగు రోజులు నీళ్ళ మీదనా? మన ఏడు తరాలల్ల గోదారి దాటినోడు లేడు, నువ్వు సముద్రం దాటుతవా కొడుకా" అని దీర్ఘాలు తీసి, చివరికి కోడలి ముఖం చూసి నోరు మూసుకుంది. కానీ ముహూర్తం దగ్గర మాత్రం పంతం విడవలేదు. మద్రాసు బండికి టికెట్లు మంగళవారానికి దొరికాయి, అయ్యగారు చూసిన మంచి ఘడియ ముందరి గురువారం. అయితే పరస్థానం పెడదామన్నది.

పరస్థానమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మంచి ఘడియ ఒకనాడు, బండి ఇంకొకనాడు అయినప్పుడు, ప్రయాణం పోయేవాళ్ళ బట్ట ఒక్కొక్కటి తీసి, పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం వేసి మూటగట్టి, ఆ ఘడియలో పక్కవాళ్ళ ఇంట్లో పెట్టి వస్తారు. మనిషి ఇంట్లోనే తింటూ తిరుగుతున్నా బయలుదేరినట్టే లెక్క. బండెక్కే నాడు ఆ మూటను తీసుకుని అటునుంచి అటే పోవాలి. ఇంటికి తిరిగి తేకూడదు, ఏడు రోజులు దాటనియ్యకూడదు, అందులోంచి ఎవరి బట్ట తీస్తే వాళ్ళ పయనం అక్కడికి తెగినట్టే. నాయనమ్మ బాపు పంచె, తమ్ముడి అంగీ, నా కొత్త లంగా, అమ్మ గులాబీరంగు చీర మూటగట్టి, పక్కింటి పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెద్దమ్మ దాన్ని తమ మగ్గం అర్రలో గూట్లో దాచింది.

శనివారం ఓడల కంపెనీ నుంచి తంతి వచ్చింది. ఓడకు మరమ్మతు, మూడు వారాలు ఆలస్యం. బాపు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఏం కాదు, మూడు వారాలెంత, అన్నాడు. నాయనమ్మ గడపలో కూర్చుని పెద్దమ్మ ఇంటి వైపు చూసింది. ఏడు రోజులు నిండిన నాడు అన్నం ముట్టలేదు. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది.

ఇంతలో నాకు బడిలో వార్షికోత్సవం వచ్చిపడింది. ఉన్న ఒక్క కొత్త లంగా మూటలో ఉండె. ఒక్క పూట కట్టుకుని మళ్ళీ పెట్టేద్దాం, ఎవరు చూడొచ్చారనుకుని, పక్కింటి పెదనాయన నూలు తేవడానికి పోయిన ఒక మధ్యాహ్నం మెల్లగా ఆ మగ్గం అర్రలోకి పోయాను. అక్కడ అమ్మ ఉంది. మగ్గం గుంట పక్కన చతికిలబడి, మూట విప్పి ముందు పెట్టుకుని, గులాబీరంగు చీర ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"లంగా కోసం వచ్చినవా? తియ్యకు బిడ్డా. నీది, తమ్మునిది, బాపుది దీంట్లనే ఉండాలె."

"మరి నీదెందుకు తీసినవమ్మా?"

"నేను ఓడ ఎక్కుతనా బిడ్డా? నా బట్ట మీ బట్టలతోని ఉంటే, నాతోని మీ పయనం గూడ ఆగుతది. మీరు పోయి రాండ్రి."

ఆమె మూటను మళ్ళీ కట్టబోయింది, వేళ్ళకు సత్తువ లేక ముడి రెండుసార్లు జారిపోతే నేనే కట్టాను. చీరను కొంగు కింద దాచుకుంటూ, "బాపుకు చెప్పకు, నా మీద ఒట్టు. నాకేం తెల్వదనుకుంటాండు. అనుకోనీ" అన్నది. అయ్యో, అంత తెలిసిన మనిషి ముందరనా మేమందరం ఇన్నాళ్ళు నాటకం ఆడింది అనిపించి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు. ఆమె వెనకాలే ఇంటికి వచ్చాను.

మర్నాడు అమ్మ మాత్ర వేసుకుని నిద్రపోగానే, పెట్టెలోంచి ఆ చీర తీసుకుపోయి మూటలో పెట్టేశాను. నా తొమ్మిదో తరగతి బుర్రకు తోచింది ఒకటే. చీర మూటలో ఉంటే అమ్మ బయలుదేరినట్టే, బయలుదేరిన మనిషిని ఎవరూ ఆపలేరు. తర్వాత అమ్మ ఆ పెట్టె తెరిచిందో లేదో నాకు తెలియదు. నన్ను మాత్రం అడగలేదు.

ఆ మూడు వారాల్లో ప్రతి రోజూ నాకు ఇప్పటికీ గుర్తే. యాత్రకని కుట్టించిన నాలుగు రవికలను దర్జీ దగ్గరికి నేనే రెండుసార్లు తీసుకుపోయి చిన్నవి చేయించాను. రెండోసారి అతను కొలత రవికను చేతిలోకి తీసుకుని, ఇది మీ అమ్మదేనా అని అడిగాడు. ఓడలో నాకు తీరిక ఉండదు బిడ్డా అని అమ్మ నాకు జడ వేసుకోవడం నేర్పింది. పప్పులో ఉప్పెంత, తమ్ముడికి ఏ మందు పడదు, పచ్చడి జాడీ ఎన్నాళ్ళకోసారి కలపాలి, అన్నీ ఓడ పేరు మీదనే చెప్పింది. సాయంత్రం బాపు ఆఫీసు నుంచి వచ్చి దీవుల ముచ్చట మొదలుపెడితే, ఓడల మజ్జిగ దొరుకుతదా అని ఎంతో ఆశగా అడిగేది. ఆయన దొరుకుతదనేవాడు. నాయనమ్మ లేచి పెరట్లోకి పోయేది. నేను అట్లాసు మీద తల వంచుకుని కూర్చునేదాన్ని.

మద్రాసు బండికి ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక పొద్దుటిపూట అమ్మ పోయింది.

పదకొండో రోజు అయ్యాక పెద్దమ్మ వచ్చి గడప బయటే నిలబడి, మూట సంగతేమిటని నాయనమ్మను అడిగింది. మేమందరం దాన్ని మరిచే పోయాం. అప్పుడు నాయనమ్మ చేసిన పని నేను జన్మలో మరువను. సముద్రం వద్దని గునిసిన మనిషే, "దాంట్ల నీ బట్ట, పిల్లల బట్టలున్నయి కొడుకా. పెట్టిన మూట ఎనుకకు రావద్దు. అస్థికలు తీస్కోని పో, పిల్లలను తీస్కోని పో" అని పట్టుబట్టింది. ఏడాది తిరగకుండానే దీవులకు షికారా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటే, వాళ్ళతో వాకిట్లో నిలబడి కొట్లాడింది. నాలుగు టికెట్ల యాత్ర మూడు టికెట్లయింది. రెండు నెలల తర్వాత వరంగల్ స్టేషన్లో, పెద్దమ్మ తెచ్చిచ్చిన ఆ మూట పట్టుకుని మద్రాసు బండెక్కాం.

ఓడ మీద రెండోనాడు తమ్ముడు కక్కి అంగీ పాడుచేసుకుంటే, బాపు ఆ మూట విప్పాడు. పైనే గులాబీరంగు చీర. అమ్మ పోయిన నాడు కూడా గట్టిగా ఏడవని మనిషి, ఆ చీరను ముఖానికి అదుముకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "చూసినవా బిడ్డా, మీ అమ్మ ఎనుకకు ఉండలే. మనతోనే ఎల్లింది" అన్నాడు. చీర మళ్ళీ పెట్టింది నేనని ఆయనకు చెప్పలేకపోయాను. దీవిలో మోకాలిలోతు నీళ్ళల్లో నిలబడి అస్థికలు కలిపాక, ఆ చీర కొంగును కూడా ఆ నీళ్ళల్లో ముంచి తీశాడు. నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. నాకు మాత్రం అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడబుద్ధి కాలేదు. అమ్మ తీసిన చీరను నేను మళ్ళీ పెట్టి ఆమెను బయలుదేరదీసినందుకే, ఓడ వచ్చేలోపలే ఆమె వెళ్ళిపోయిందేమోనన్న భయం అక్కడే పట్టుకుంది. చదువుకున్నాను, ముప్పైయేళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పాను, అది ఉత్త భ్రమ అని నాకు తెలుసు. తెలిసినా పోదు.

బాపు ఆ తర్వాత చాలా కాలం బతికాడు. వచ్చినవాళ్ళందరికీ, మా ఇంటామె మాతోనే బయలుదేరిందని చెప్పుకునేవాడు. చివరి రోజుల్లో హనుమకొండ దవాఖానలో నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మకు రావాలనే ఉండె గదా బిడ్డా? చీర దాంట్లనే ఉంచింది గదా?" అని అడిగాడు.

"ఔ బాపూ, ఉంచింది" అన్నాను.

ఇప్పుడు డాక్టర్లు రిపోర్టు రోగి చేతికే ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ విడమరిచి చెబుతున్నారు. మా కోడలు తన తల్లి జబ్బు సంగతి ఆమెతోనే ఫోనులో మాట్లాడుతుంది, ఇద్దరూ ఏడుస్తారు, కాసేపటికి ఇద్దరూ నవ్వుతారు. మొదట్లో నాకు అది మొరటుగా తోచేది. ఇప్పుడు అసూయగా ఉంటుంది. అమ్మకు తెలియదని బాపు, తనకు తెలుసని బాపుకు తెలియదని అమ్మ, ఇద్దరి సంగతీ తెలిసిన నేను, ఓడలో మజ్జిగ దొరుకుతుందా లేదా అని మాట్లాడుకుంటూ, మాకు మిగిలిన ఆ మూడు వారాలనూ ఖర్చుపెట్టేశాం. ఒక్క సాయంత్రమైనా అందరం దగ్గరగా కూర్చుని, ఆమె ముందరే, ఆమెతో కలిసి ఏడ్చి ఉంటే ఎంత బాగుండేది.