చేత్తో మార్చవద్దు

మా ఆవిడది వనపర్తి. ఆమెకు గద్వాల బడిలో ఉద్యోగం రాగానే నేను హైదరాబాద్ గది ఖాళీ చేసి వెంట వచ్చేశాను. మా మేనేజరు ఒకటే షరతు పెట్టాడు: "సోమవారం మీటింగులో అక్కడి నుంచే ఆఫీసు సర్వర్లు తెరిచి చూపించు. కుదరకపోతే వెనక్కి వచ్చెయ్." అందుకే సామాను డబ్బాలు విప్పకుండానే అటకెక్కించాం.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసుకు తవ్విన సొరంగం. సోమవారం పొద్దున పేరుకు అది కలిసింది, పేర్లతోనే చిక్కు. సర్వరు అంకె, అంటే ఐపీ అడ్రసు, కొడితే పలికేది, పేరు కొడితే అలాంటివారెవరూ లేరనేది. పేరు చెబితే అంకె చూసిపెట్టే డీఎన్ఎస్ సర్వరు ఏదన్నది ఒక చిన్న ఫైలులో ఉంటుంది. అందులో ఇంటి రూటరు ఉంది. దానికి మా ఆఫీసు గుట్టు ఏం తెలుసు? చెరిపి, ఆఫీసు డీఎన్ఎస్ సర్వరు అంకె రాశాను. పేర్లు పలికాయి.

అంతలో వీపీఎన్ తెగి, మళ్లీ కలిసింది. నా రాత మాయం. తలరాత చెరగదంటారు, చేతిరాతకు ఆ గౌరవం లేదు. మళ్లీ రాశాను, మళ్లీ చెరిగింది.

బడికి బయలుదేరుతూ మా ఆవిడ అంది: "గిట్లనే ఉంటే మల్ల బస్సెక్కుడేనా ఏంది?"

కింద మగ్గం నేసే ఇంటి ఓనరు మంచినీళ్ల సంగతి చెప్పడానికి పైకొచ్చాడు. "ఏంది సారూ, జర పరేషాన్‌గ ఉన్నరు?"

"రాసింది నిలుస్తలేదన్నా." అప్పుడే ఫైలు నెత్తిన ఉన్న ఇంగ్లీషు వాక్యం కంటపడింది. తెలుగు చేసి చదివాను: "ఈ ఫైలును చేత్తో మార్చవద్దు, అంట."

ఆయన పగలబడి నవ్వాడు. "చేతిపనోళ్ల ఇంటికొచ్చి చేత్తో చెయ్యొద్దంటదా! మెల్లగ చదువుండ్రి, మా మగ్గం వింటది."

ఆ కింది వరుసా చదివాను. వీపీఎన్ కలిసినప్పుడల్లా ఆ ఫైలును యంత్రమే తిరగరాస్తుందట. చెప్పుకోవలసింది ఫైలుకు కాదు, రాసేవాడికి. ఆ రాసేవాడి పేరు నెట్‌వర్క్ మేనేజర్. మేనేజర్లను తప్పించుకు తిరగడం అలవాటై దీన్నీ పట్టించుకోలేదు. వీపీఎన్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ గడిలో ఆఫీసు అంకె, దాని కింద ఆఫీసు డొమైన్ పేరు పెట్టాను. ఇక ఆఫీసు పేర్లు ఆఫీసునే అడుగుతుంది, మిగతావి రూటరును. కావాలనే తెంపి, కలిపి చూశాను. నిలిచింది.

మీటింగులో సర్వర్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. "సరే, అక్కడే ఉండు," అన్నాడు మేనేజరు. "కానీ ఆ టకటక ఏమిటి? మైకు ఆపు."

మా ఆవిడకు మెసేజి పెట్టాను: "ఉంటున్న."

మధ్యాహ్నం బడి బెల్లు కొట్టాక జవాబు వచ్చింది: "ఉంటే ఉండు గని, అటక మీది డబ్బాలు దించు."