శేషయ్య సార్ ఐడీ మీద నడిచిన పరీక్ష

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది నన్ను లైబ్రరీ నుంచి కంప్యూటర్ ల్యాబుకు మార్చారు. కర్నూలు పక్కన, కల్లూరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అది. నా పేరు దానం, హోదా అటెండర్. నేను చదివింది ఐదో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి. అటెండర్‌కు కంప్యూటర్ల దగ్గర ఏం పనుంటుందని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఒక పరీక్ష రోజు సంగతి చెబుతాను.

ల్యాబుకు పెద్ద ఇన్‌ఛార్జి శేషయ్య సార్. ఆయన కింద ప్రోగ్రామర్ నూర్జహాన్ మేడం, ఆమె కింద నేను. తాళం తీయడం, దుమ్ము దులపడం, యంత్రాలు ఆన్ చేయడం నా పొద్దుటి పని. ఒక్కో దాంట్లో బ్రౌజర్ తెరిచి వార్తల పేజీ వస్తే, బోర్డు మీద 'నెట్ ఉంది' అని రాస్తాను. యంత్రాలన్నీ లినక్స్‌వి. విండోస్‌కు డబ్బు కట్టాలి, దీనికి అక్కర్లేదు.

మా కాలేజీలో నెట్ నేరుగా రాదు. మెయిన్ బ్లాకులో ప్రాక్సీ అనే యంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ మాదిరి కూర్చుని ఉంటుంది. ఐడీ, పాస్‌వర్డ్ చెబితేనే బయటికి వదులుతుంది. ఒక ఐడీ మీద ఒక్కరినే వదులుతుంది. అదే ఐడీతో ఇంకొకరు వస్తే మొదటివాళ్లను ఆపేస్తుంది. ప్రాజెక్టు పరీక్ష రోజు కాపీ జరగకూడదని ఆఫీసు ల్యాబులో అందరి ఐడీలూ మూసేసి, ఇన్‌ఛార్జి ఐడీ ఒక్కటే ఉంచేది. ప్రొజెక్టరుకు తగిలించిన యంత్రం దాని మీదే నడిచేది. ఫోన్లు లోపలికి తేకూడదు.

ఆ రోజు పరీక్ష చేయడానికి కడప నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. పిల్లల్లో రూతు అని కోసిగి అమ్మాయి ఉంది. వాళ్ల అమ్మానాన్నలు పంట పోయిన ఏడాదల్లా మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయేవాళ్లు. రూతుకు బెంగళూరులో ఉద్యోగం ఖాయమైంది. పాసైన కాగితం చూపిస్తేనే చేర్చుకుంటారు. ఈ పరీక్ష తప్పితే మళ్లీ కింది క్లాసు వాళ్లతో పాటు రాయాలి, అప్పటిదాకా ఆ ఉద్యోగం ఆగదు. ఆమె ప్రోగ్రాములో మండలం పేరు కొడితే నెట్‌లో వెతికి, వాన వస్తుందో రాదో తెలుగులో చెబుతుంది. మిగతా పిల్లల ప్రాజెక్టులకు నెట్ అక్కర్లేదు. ఆమె వంతు భోజనాల తర్వాత.

పొద్దున్నే వచ్చి ప్రొజెక్టరు యంత్రం మీద ఒకసారి నడిపి చూసుకుంది. నడవలేదు.

"నెట్ ఉండాదని రాసినావు కదన్నా. నా ప్రోగ్రాము లేదంటాది" అంది.

నేను బ్రౌజర్ తెరిచి వార్తల పేజీ చూపించాను. తప్పు నీ ప్రోగ్రాములోనే ఉందేమో చూసుకో అన్నాను. హాస్టల్లో ఫోన్ నెట్‌తో బాగానే నడిచిందని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నూర్జహాన్ మేడంను పిలుచుకొచ్చాను. మేడం చూసి నవ్వింది.

"పెండ్లి పిలుపు అరుగు మీద నిలబడి ఊరంతటికీ ఒకేసారి చెప్తారా దానమన్నా? ఇంటింటికీ పోయి చెప్పల్ల. బ్రౌజరుకు చెప్పినాము, అది పోయొస్తాంది. ఈ నల్ల కిటికీకి ఎవురూ చెప్పల్యా, అలిగి కూర్చోనుండాది."

లినక్స్‌లో టెర్మినల్ అనే నల్ల కిటికీ నుంచి నడిపే ప్రోగ్రాములకు ప్రాక్సీ ఎక్కడుందో ఆ కిటికీలోనే ఒక లైను కొట్టి చెప్పాలట. ఇంకో కిటికీ తెరిస్తే దానికి మళ్లీ చెప్పాలట. మేడం ఆ లైను కొట్టింది. రూతు కోసిగి అని కొట్టింది. 'వాన లేదు' అని వచ్చింది. వాన లేదన్నందుకు అంత సంతోషపడిన కోసిగి మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను.

ఎగ్జామినర్‌ను శేషయ్య సార్ గెస్ట్ రూముకు భోజనానికి తీసుకుపోయారు. కాసేపటికి రూతు ఇంకోసారి చూసుకుందామని నడిపితే మళ్లీ ఆగిపోయింది. లైను సరిగ్గానే ఉంది. మేడం ల్యాబు ల్యాండ్‌లైన్ నుంచి ప్రాక్సీ ఉండే సర్వర్ రూముకు ఫోన్ చేసింది. శేషయ్య సార్ ఐడీ ఇప్పుడు గెస్ట్ రూములో ఒక ఫోన్ మీద ఉందన్నారు. మేడం ఇక్కడ మళ్లీ ఎక్కించినా ఆ ఫోన్ వెంటనే లాగేసుకుంటోంది. సార్‌కు ఫోన్ చేస్తే కట్ చేశారు. ఇక పోయి చెప్పేది నేనే అయ్యాను.

సార్ కల్లూరులో ఇల్లు కట్టిస్తున్నారు. ముందు రోజే స్లాబు వేశారు. అక్కడ కెమెరా పెట్టించి, మేస్త్రీ స్లాబుకు నీళ్లు కొడుతున్నాడా లేదా అని కాలేజీ వైఫైలో చూస్తూ, ఎగ్జామినర్‌కూ చూపిస్తూ సంగటి తింటున్నారు. మీ ఫోన్ వల్ల పరీక్ష ఆగిందని అతిథి ముందు అటెండర్ ఎలా అంటాడు? అనకపోతే ఆ పిల్ల గతేంటి? మజ్జిగ పోసే వంకతో వంగి చెవిలో చెప్పాను.

"సార్, స్లాబు నేను పోయి చూసుకుంటా. మీరు ఫోన్లో వైఫై ఆపితే ఆడ రూతు ప్రోగ్రాము నడుస్తాది."

సార్ నన్ను చూశారు, ఫోన్‌ను చూశారు. తర్వాత గట్టిగానే, "నీళ్లు కొట్టేది చూసేకి నీకేం తెలుసప్పా?" అన్నారు.

"మాది కడప జిల్లా కమలాపురం పక్కన పల్లె సార్. నీళ్లు యాడ పోతాండాయో కాపలా కాసేకే పుట్టినోళ్లం."

నా గుసగుస విని ఎగ్జామినర్‌కు విషయం అర్థమైనట్టుంది. "ముందు పరీక్ష కానీండి సార్. స్లాబు యాడికీ పోదు" అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. శేషయ్య సార్ వైఫై ఆపి, ఫోన్ జేబులో వేసుకున్నారు.

రూతు వంతు వచ్చింది. ఎగ్జామినర్ నా వైపు ఒకసారి చూసి, కమలాపురం కొట్టమని ఆమెకు చెప్పారు. అక్కడా వాన లేదు.

"వాన లేదని చెప్పేకి ఇంత కష్టం ఎందుకమ్మా? మా కడపలో ఎవర్నడిగినా చెప్తారు" అన్నారు. అందరూ నవ్వారు.

"లేదని ముందే తెలిస్తే సార్, మా నాయన అప్పు జేసి ఇత్తనం కొనడు" అంది రూతు. "ఇత్తనం అప్పు కోసమే మా అమ్మోళ్లు వలస పోయేది."

ప్రోగ్రాము ఎలా రాసిందో ఎగ్జామినర్ చాలాసేపు అడిగారు. ఆమె తడబడకుండా చెప్పింది. మార్కులు వేసి సంతకం పెట్టారు.

సాయంత్రం షేర్ ఆటోలో కల్లూరు పోయి చూస్తే, స్లాబు మీద కెమెరాకు కనబడే మూల మాత్రమే తడిసి ఉంది. మిగతాది పొడిగా ఉంది. మేస్త్రీతో చెప్పి అంతా తడిపించి వచ్చాను. రూతు ఆ ఎండాకాలంలోనే బెంగళూరు పోయి ఉద్యోగంలో చేరింది.

మరుసటి ఏడాది నుంచి పరీక్ష యంత్రానికి ఏ మనిషికీ సంబంధం లేని ఐడీ ఒకటి ఆఫీసు విడిగా ఇచ్చింది. నేను నేర్చుకున్నది ఇది. నెట్ లేదని ఎవరైనా వస్తే రెండు సంగతులు అడగాలి. ఏ ప్రోగ్రాముకు లేదు, అది ఎవరి ఐడీ మీద నడుస్తోంది. రిటైరయ్యేదాకా అవి అడిగాకే మేడంను పిలిచేవాణ్ని.